కొండవాలు తవ్వకం: పలుగురాళ్ళ గూడు, రెండు ముక్కల పంచాయితీ

జేగురుమట్టి | బుధవారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. స్ఫటికాల కోసం ఆదివారం తవ్వకం ఖాయమైంది. భూమి యజమాని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఆయన షరతులు రెండే. యంత్రాలు తేకూడదు, తవ్విన ప్రతి గుంటా చీకటి పడేలోపు పూడ్చాలి. ఆ కాగితం నా దగ్గరే ఉంటుంది, ఎవరైనా వచ్చి అడిగితే నన్ను పిలవండి, మీరు వాదనకు దిగొద్దు.

పోయినసారి నేనూ రాళ్ళమూట గారూ వాలంతా తిరిగాం. తెల్ల పలుగురాయి (క్వార్ట్జ్) చారలు మూడు కనిపించాయి. రెండు ఉత్తవి, బండలా గట్టిగా ఉన్నాయి, ఎక్కడా చిన్న సందు కూడా లేదు. మూడోదాని కింద మాత్రం మట్టిలో ఆరు పలకల కొనలున్న ముక్కలు, చిటికెనవేలంత, ఓ పదీ పన్నెండు ఏరాం. కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

ఇప్పటికి పదకొండు మంది. ఉదయం 6.30కి కొండ కింద కలుద్దాం. తలకు హెల్మెట్, కళ్ళకు అద్దాలు, చేతులకు తోలు గ్లవ్స్, నీళ్ళు ఎవరివి వాళ్ళవే. పాత వార్తాపత్రికలు ఎన్ని తెస్తే అంత మంచిది, ఎందుకో అక్కడికొచ్చాక మీకే తెలుస్తుంది.

కొత్తచేతులు | బుధవారం, రాత్రి 9.42

నేను మొదటిసారి వస్తున్నాను. ఇంట్లో మేకులు కొట్టుకునే సుత్తి ఉంది, అది సరిపోతుందా? చిన్న ఉలి కూడా ఉంది, చెక్కపనిది.

రాళ్ళమూట | గురువారం, ఉదయం 5.55

సరిపోదమ్మా. రెండూ ఇంట్లోనే ఉంచండి.

మేకుల సుత్తి ముఖం బాగా గట్టిపరిచిన ఉక్కు. దాంతో ఉలి తల మీదో ఇంకో సుత్తి మీదో గట్టిగా కొడితే అంచు పెళ్ళలు లేచి తూటాల్లా ఎగురుతాయి. నా ముంజేతిలో అలాంటి పెళ్ళ ఒకటి పదేళ్ళుగా ఉంది, చూపిస్తాను. అది కంట్లో పడి ఉంటే ఈ జవాబు వేరేవాళ్ళు రాసేవారు. చెక్క ఉలి రాతి మీద రెండు దెబ్బలకే మూతి వంకర పోతుంది.

రాతి ఉలి, కిలో పైచిలుకు బరువున్న పొట్టి సుత్తి, అంతే. నా దగ్గర రెండు జతలున్నాయి, ఒకటి మీకిస్తాను. మీరు తేవాల్సినవి వేరే: పాత టూత్‌బ్రష్, పొడుగాటి స్క్రూడ్రైవర్, ఒక వెదురు పుల్ల. స్ఫటికాన్ని నిజంగా బయటికి తీసేది ఈ మూడే. ఇనుము చారను తెరవడానికి, పుల్ల గూడును, అంటే చారలో స్ఫటికాలు పెరిగే ఖాళీని, ఖాళీ చేయడానికి. ఇనుముతో గూట్లోకి దిగినవాడు గాజుపెంకులు ఏరుకుంటాడు.

ఉలిదెబ్బ | గురువారం, ఉదయం 8.20

గడ్డపార, పార, తట్ట, నాలుగు కిలోల సమ్మెట నావి. పలుగుతో పలుగురాయి తీద్దాం!

రాళ్ళమూట | గురువారం, ఉదయం 8.31

సమ్మెట వద్దు.

ఇంటిదగ్గరే | గురువారం, ఉదయం 11.05

నా మోకాళ్ళు ఈసారి కూడా సెలవు అడుగుతున్నాయి. మీరు తవ్వండి, నేను ఫొటోలు చూసి సలహాలిస్తా.

ఎవరైనా ఇంట్లో 'రాళ్ళేరుకోవడం కూడా ఒక పనేనా' అంటే ఈ మాట చెప్పండి. ఆల్ప్స్‌లోని మోన్ బ్లాన్ శిఖరాన్ని 1786 ఆగస్టు 8న మొదటిసారి ఎక్కినవాళ్ళు ఇద్దరు. ఒకరు డాక్టరు, రెండో ఆయన జాక్ బాల్మా, కొండల్లో స్ఫటికాలు ఏరి అమ్ముకునే మనిషి. 

తూనికరాయి | గురువారం, రాత్రి 10.15

కొత్తవాళ్ళు నలుగురున్నారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా. తెలిసినవాళ్ళు దాటేయండి.

కొండవాలు మీద అడుగుపెట్టగానే తవ్వకండి. ముందు నేల చూస్తూ నడవండి. పైన ఎక్కడో చార విరిగి, అందులోని ముక్కలు వానకి, బరువుకి కిందకి జారుతూ వస్తాయి. ఇలా జారివచ్చిన వాటిని ఏరుతూ పైకి వెళ్ళాలి. కింద వెడల్పుగా చెదిరి ఉంటాయి, పైకి పోయేకొద్దీ విసనకర్ర పిడివైపు వెళ్తున్నట్టు దగ్గరపడతాయి. ఎక్కడైతే ఉన్నట్టుండి ఆగిపోతాయో దానికి కాస్త అటూ ఇటూలోనే తల్లిచార ఉంటుంది. ముక్కల అంచులు పదునుగా ఉన్నాయా, గుండ్రంగా అరిగాయా అన్నది కూడా చూడండి. పదునుగా ఉంటే పుట్టినచోటు దగ్గర్లోనే ఉంది.

దొరికింది ఏమిటో తేల్చుకోవడానికి చాకు చాలు. పలుగురాయి గట్టితనం మోస్ కొలతలో (1 మెత్తన, 10 అన్నిటికన్నా గట్టి) 7, మామూలు చాకుది అయిదున్నర చిల్లర. గీత పడకూడదు. ఇక్కడో మోసం ఉంది. రాయి మీద బూడిదరంగు గీత కనబడి 'పడింది' అనుకుంటారు. అది రాయికి పడిన గీత కాదు, చాకు ఉక్కే అరిగి అంటుకుంది. తడివేలితో రుద్దితే పోతుంది. నిజంగా గీత పడి, విరిగినచోట వాలు గోడల పెట్టెల్లా నున్నటి పలకలు వస్తే అది కాల్సైట్ అనే వేరే ఖనిజం, గట్టితనం 3. పలుగురాయికి అలాంటి చీలిక పలకలు లేవు, విరిగితే గాజు సీసా విరిగినట్టు గుల్లచిప్ప వంపులు తిరుగుతుంది. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, చాలాచోట్ల పనికొస్తుంది.

తళతళలాడే రేకులు కనబడితే బంగారం అని అరవకండి. అది అభ్రకం, మన పెద్దలు కాకిబంగారం అని ఊరికే అనలేదు. గోరుతో పొరలు లేస్తే అదే.

కొత్తచేతులు | గురువారం, రాత్రి 10.40

అసలు ఈ గూడు ఎలా ఏర్పడుతుంది? రాతిలో ఖాళీ ఎందుకుంటుంది?

తూనికరాయి | గురువారం, రాత్రి 11.20

లోతున, బాగా వేడిగా ఉన్న నీళ్ళలో సిలికా, అంటే పలుగురాయి తయారయ్యే పదార్థం, కరిగి ఉంటుంది. రాతిలో పగుళ్ళు పడితే ఆ నీళ్ళు పగుళ్ళ వెంట పైకి వస్తాయి. చల్లబడేకొద్దీ, ఒత్తిడి తగ్గేకొద్దీ సిలికాను పట్టి ఉంచే శక్తి నీటికి తగ్గుతుంది, అది గోడల మీద గట్టిపడుతూ పోతుంది. పగులు సన్నగా ఉంటే రెండు గోడల పెరుగుదలా మధ్యలో కలిసిపోయి తెల్లటి బండ అవుతుంది, జేగురుమట్టి గారు చెప్పిన ఉత్త చారలు అవే. చార ఉబ్బినచోట, రెండు చారలు కోసుకున్నచోట మధ్యలో చోటు మిగులుతుంది. అడ్డు లేకపోతేనే స్ఫటికం తన కొన తాను కట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడో పైనుంచి వాననీళ్ళతో ఇనుమున్న బంకమట్టి దిగి ఆ ఖాళీని నింపేస్తుంది. అందుకే తవ్వుతుంటే చారలో జేగురు రంగు బంకమన్ను మెత్తగా తగిలితే చేతులు వణకాలి.

జేగురుమట్టి | శుక్రవారం, ఉదయం 7.00

నా పేరు అలా వచ్చిందే.

జేగురుమట్టి | ఆదివారం, రాత్రి 10.50

అందరూ ఇళ్ళకు చేరారు, అందరూ బాగున్నారు. వివరంగా రాయమని ఇంటిదగ్గరే గారు మూడుసార్లు అడిగారు, ఇదిగో.

పొద్దున రెండు గంటలు వట్టిదే. రాళ్ళమూట గారు చారను పైనుంచి తెరవమన్నారు, నలుగురం తెరిచాం, బండ. మిగతావాళ్ళు కింద ఏరుతున్నారు. తొమ్మిదిన్నరకి కొత్తచేతులు గారు మాకు ఇరవై అడుగులు ఎడమగా నిలబడి 'ఇక్కడ ముక్కలు ఆగిపోతున్నాయండీ' అన్నారు. నిజం చెప్పాలంటే మేం పట్టించుకోలేదు. పది నిమిషాల తర్వాత రాళ్ళమూట గారు వెళ్ళి చూసి, మాట్లాడకుండా తన సంచి తెచ్చి అక్కడ పెట్టారు. ఆయన సంచి పెట్టారంటే అర్థం తెలిసిందేగా.

అక్కడ చార జానెడు వెడల్పు నుంచి మూరెడుకు ఉబ్బింది. మోకాలి లోతులో నల్ల కడ్డీలు రావడం మొదలైంది. కొత్తచేతులు గారు వాటిని బొగ్గు అనుకుని గుట్టకి విసిరేస్తుంటే తూనికరాయి గారు పరుగున వచ్చి గుట్టంతా మళ్ళీ ఏరారు. అవి టూర్మలిన్ అనే ఖనిజం. అడ్డంగా చూస్తే ఉబ్బిన అంచుల త్రికోణం, పొడవునా సన్నటి గీతలు. పలుగురాయి పలకల మీద గీతలు అడ్డంగా ఉంటాయి, దీనికి నిలువుగా. ఈ ఒక్క తేడా చూసుకున్నా ఆ గంట దండగ కాదు.

మధ్యాహ్నం రెండున్నరకి స్క్రూడ్రైవర్ చివర ఉన్నట్టుండి మెత్తగా దిగిపోయింది. జేగురు బంకమన్ను! ఆ తర్వాత పుల్లలు, బ్రష్‌లు, వేళ్ళు. మొదట విడి స్ఫటికాలు, వేలెడంతవి, మట్టి ముద్దల్లో. మట్టితోనే పేపర్లో చుట్టి పక్కన పెట్టాం. కడగాలని అందరికీ చేతులు దురద, కానీ కొండలోపల చల్లగా ఉన్న స్ఫటికాన్ని మండే ఎండలో పెట్టి నీళ్ళు పోస్తే లోపలి పగుళ్ళు సాగుతాయి. నీడలోనే ఉంచాం.

ఇక రెండు చెడ్డ సంగతులు.

ఒకటి నా తప్పు. గూడు లోపలికి పోయేకొద్దీ మేం పైమట్టిని వెనక్కి కొట్టకుండా కిందనుంచి తొలుచుకుంటూ పోయాం. తల మీద మట్టి చూరులా వేలాడుతోంది. నాలుగు గంటలకి అందులోంచి ఒక పెళ్ళ ఊడి పడింది. పది నిమిషాల ముందు వరకు అక్కడ ఒక సభ్యుడు బోర్లా పడుకుని చెయ్యి లోపల పెట్టి ఉన్నారు. పడింది తట్టెడు మట్టే, కానీ ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైనే బరువుంటుంది. ఆ చూరంతా ఒక్కసారి వచ్చి ఉంటే హెల్మెట్ ఏం చేస్తుంది? పని ఆపి పైమట్టి మొత్తం వాలుగా కొట్టేశాం, అందుకు గంట పట్టింది. ఆ గంట పొద్దున్నే పెట్టాల్సింది.

రెండోది పెద్ద స్ఫటికం. గూటి వెనక గోడ దగ్గర, పద్దెనిమిది సెంటీమీటర్లు, ముంజేయంత లావు. చీకటి పడుతోంది, గుంట పూడ్చాలి. గడ్డపారతో కొంచెం మీటారు, టక్ మంది. రెండు ముక్కలుగా వచ్చింది.

ఎవరు మీటారో రాయను.

ఉలిదెబ్బ | ఆదివారం, రాత్రి 11.04

నేనే మీటాను. దాచడమెందుకు.

సభ్యుడు, బోర్లా పడుకున్నవాడు | ఆదివారం, రాత్రి 11.15

ఆ సభ్యుణ్ణి నేనే. పేరు ఇప్పుడే మార్చుకున్నా. ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఎవరూ చెప్పకండి.

వాలుగాలి | సోమవారం, ఉదయం 6.40

నేను ఎక్కువ రాయను కానీ ఇది రాయాలి. రోజంతా పదకొండు మంది పుల్లలతో గీకితే చివర్లో ఒక్క మనిషి తొందర వల్ల పెద్దది పోయింది. గూట్లో ఇనుము వద్దని గురువారమే రాళ్ళమూట గారు రాశారు. ఎవరూ చదవరా?

ఉలిదెబ్బ | సోమవారం, ఉదయం 7.15

చదివాను. వెలుతురు లేదు, గుంట పూడ్చాలి, అందరూ గడియారం చూస్తున్నారు. వద్దని ఆ క్షణంలో ఎవరైనా అన్నారా? సరే, తప్పు నాదే. రాత్రి నిద్ర పట్టలేదు, చాలా?

రాళ్ళమూట | సోమవారం, ఉదయం 7.50

నేనూ అనలేదు. పక్కనే ఉన్నాను, చూస్తూ ఊరుకున్నాను. అలాంటప్పుడు చేయాల్సింది గూటి నోట్లో గోనెపట్టా పెట్టి, మట్టి కప్పి, యజమానికి చెప్పి వచ్చేయడం. గుంట పూడ్చాలన్న షరతు కూడా దాంతోనే తీరేది. వేల ఏళ్ళు ఆగినది ఇంకో వారం ఆగదా?

వాలుగాలి | సోమవారం, ఉదయం 8.05

వారంలో వేరేవాళ్ళు వచ్చి తవ్వుకుపోతే?

రాళ్ళమూట | సోమవారం, ఉదయం 8.12

పోతే పోయింది. వాళ్ళయినా పుల్లతో తీసేవారేమో.

ఇంటిదగ్గరే | సోమవారం, ఉదయం 9.30

కాసేపు చల్లబడదాం. పద్దెనిమిది సెంటీమీటర్లకే ఇంత గొడవైతే మెక్సికోలో నైకా గని వాళ్ళేం కావాలి? 2000లో అక్కడ మూడువందల మీటర్ల లోతున ఒక గుహ బయటపడింది. అందులో జిప్సం స్ఫటికాలు, పెద్దవి పదకొండు మీటర్ల పైనే. పోట్లాడుకోవడానికి కూడా వీలుండదు, లోపల వేడి 58 డిగ్రీల దాకా ఉండేది, గాలి నిండా తేమ, రక్షణ దుస్తులు లేకపోతే నిమిషాల్లో మనిషి పడిపోతాడు.

కొత్తచేతులు | సోమవారం, రాత్రి 8.45

నా వాటాకి తాత్కాలికంగా వచ్చిన పన్నెండింటినీ గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి మట్టి వదిలించాను. బ్రష్‌తో రుద్దినా ఎర్ర మరక పోవడం లేదు. ఏం చేయాలి?

ఇంకో సంగతి. పిల్లల జామెట్రీ బాక్సులో ప్రొట్రాక్టర్ తీసి పక్కపక్క పలకల మధ్య కోణం కొలిచాను. ఒకటి నొక్కేసినట్టు చప్పిడిగా ఉంది, ఒకటి బాగా గుండ్రం, ఒకదానికి రెండు పలకలు మరీ వెడల్పు. అన్నిటికీ 120! నాకు నమ్మకం కలగక మళ్ళీ కొలిచాను.

తూనికరాయి | సోమవారం, రాత్రి 9.20

ఈ చర్చలో నాకు బాగా నచ్చిన పోస్టు ఇదే. పలకల సైజు ఎలా ఉన్నా వాటి మధ్య కోణం మారదని 1669లో నికొలాస్ స్టెనో అనే డెన్మార్క్ శాస్త్రవేత్త రాశాడు. అప్పటికి అణువుల అమరిక సంగతి ఎవరికీ తెలియదు. మీలాగే స్ఫటికాలు ముందేసుకుని గమనించాడు.

మరకకి ఆక్సాలిక్ యాసిడ్ వాడతారు, కానీ తొందరపడకండి. అది విషం. ఇంటి బయట, ప్లాస్టిక్ బకెట్లో, గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని కలపాలి, పొడి పీల్చకూడదు. వంటింటి గిన్నెలు ముట్టుకోవద్దు, పిల్లలకీ జంతువులకీ అందకూడదు. వేడి చేయొద్దు, ఆవిరి ఊపిరితిత్తులకి చేటు. చల్లగానే కొన్ని రోజులు ఉంచితే చాలు. తర్వాత మంచినీళ్ళు మార్చి మార్చి నానబెట్టాలి, సరిగా కడగకపోతే పసుపు ఛాయ మిగిలిపోతుంది. మిగిలిన యాసిడ్‌ని వంటసోడాతో, నురుగు ఆగేదాకా, నిర్వీర్యం చేశాకే పారబోయాలి. వాటిలో ఒక్క కాల్సైట్ ఉన్నా ముందు తీసి పక్కన పెట్టండి, పాడైపోతుంది.

మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి నా మాట వినండి, అన్నీ నాకు పంపండి, నా షెడ్డులో చేసి ఇస్తాను. పెద్ద రెండు ముక్కలు ఎలాగూ నా దగ్గరే ఉన్నాయి.

వాలుగాలి | మంగళవారం, ఉదయం 7.10

నేను ఒకటి వేడినీళ్ళలో వేశాను. టిక్కుమంది. లోపల ఇంద్రధనుస్సులా మెరుస్తోంది, మంచిదేనా?

రాళ్ళమూట | మంగళవారం, ఉదయం 7.18

అది పగులు. సన్నటి పగులు రెండు గోడల మీద నుంచీ తిరిగొచ్చిన వెలుతురు కలిసి రంగులొస్తాయి. నిన్న ఉలిదెబ్బని తిట్టిన చేత్తోనే వేశారా?

వాలుగాలి | మంగళవారం, ఉదయం 7.40

...అవును.

తూనికరాయి | శుక్రవారం, రాత్రి 10.05

పెద్దదాని గురించి. అందరూ నిదానంగా చదవండి, ముఖ్యంగా ఉలిదెబ్బ గారు.

నాలుగు రోజులు యాసిడ్‌లో ఉంచి, కడిగి, ఆరబెట్టాను. రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆనిస్తే పక్క పలకలు సరిగ్గా కలుస్తున్నాయి, అంటే ఒకప్పుడు ఒకే స్ఫటికం. కానీ విరిగిన ముఖాలు మాత్రం కలవడం లేదు. మధ్యలో మిల్లీమీటరుకు పైగా ఎడం మిగులుతోంది.

భూతద్దం పెట్టి చూశాను. గురువారం రాశాను కదా, పలుగురాయి విరిగితే గాజులా నున్నటి వంపు వస్తుందని. ఇక్కడ అది లేదు. రెండు ముఖాల నిండా చిన్న చిన్న మెట్లు, బుల్లి త్రికోణాలు, అన్నీ ఒకేసారి ఒకే వైపు మెరుస్తున్నాయి. అవి విరుగుడు గుర్తులు కావు, కొత్తగా పెరిగిన పలకలు. పైగా యాసిడ్‌లో వేయకముందు తీసిన ఫొటోలో ఆ ముఖాల మీద కూడా, పక్క పలకల మీద ఉన్నంత చిక్కగానే, ఇనుప మరక ఉంది. ఆదివారం విరిగినదానికి ఆ ఫొటో తీసేలోపు అంత మరక పట్టదు.

అంటే జరిగింది ఇది. గూట్లో ఇంకా సిలికా నీళ్ళు ఉన్న కాలంలోనే, కొండ కదిలో, గూటి కప్పు కూలో, ఈ స్ఫటికం విరిగింది. విరిగిన తర్వాత కూడా నీళ్ళు ఆగలేదు, తెగినచోట మళ్ళీ పలకలు కట్టుకోవడం మొదలైంది. గాయం మానుతుండగా నీళ్ళు అయిపోయాయి, ఆ తర్వాత మట్టి దిగింది. ఆదివారం గడ్డపార కేవలం రెండు ముక్కల మధ్య మట్టిని కదిపింది.

ఉలిదెబ్బ | శుక్రవారం, రాత్రి 10.09

మళ్ళీ చెప్పండి?

తూనికరాయి | శుక్రవారం, రాత్రి 10.11

మీరు విరగ్గొట్టలేదు.

జేగురుమట్టి | శుక్రవారం, రాత్రి 10.20

మరి ఆ టక్ శబ్దం? నేనూ విన్నాను, అందరూ విన్నారు.

తూనికరాయి | శుక్రవారం, రాత్రి 10.34

దానికీ వస్తున్నా. పెద్దదాని అడుగున బొటనవేలంత పిల్ల స్ఫటికం అంటుకుని ఉండేది. దాని మొండెం ఇప్పుడు నా ముందుంది. తెగినచోట అద్దంలా మెరిసే వంపు, వేలు పెడితే కోసుకునేంత పదును, ఒక్క మరక లేదు. ఇది మాత్రం ఆదివారం సాయంత్రానిదే. దాని కొన ముక్క ఎవరి పొట్లంలోనైనా ఉందేమో చూడండి.

కొత్తచేతులు | శనివారం, ఉదయం 6.25

నా దగ్గర ఉంది! మొండెం లేని కొన ఒకటి అదనంగా వచ్చిందేమిటా అనుకున్నాను.

వాలుగాలి | శనివారం, ఉదయం 7.00

ఉలిదెబ్బ గారూ, సోమవారం నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా. సగం. చిన్నది మీరే విరిచారుగా.

ఉలిదెబ్బ | శనివారం, ఉదయం 7.03

సగం చాలు.

రాళ్ళమూట | శనివారం, ఉదయం 7.30

నలభై ఏళ్ళలో ఇలా మానిన స్ఫటికాలు నాకు ఆరో ఏడో దొరికాయి, అన్నీ చిన్నవి. ఇంత పెద్దది ఇప్పుడే చూస్తున్నా. విరగనిది దొరికి ఉంటే నేను ఒకసారి చూసి ఊరుకునేవాణ్ణి. జిగురు పెట్టి అతికిద్దామని ఎవరూ అనకండి, దయచేసి.

గూట్లో గడ్డపార పెట్టడం మాత్రం తప్పే. ఈసారి కలిసొచ్చింది, అంతే.

జేగురుమట్టి | శనివారం, సాయంత్రం 6.15

పంపకం సంగతి. ముందే మాట్లాడుకోవాల్సింది, మాట్లాడుకోలేదు, అందుకే వారమంతా నాకు విడివిడిగా మెసేజులు. 'చోటు కనిపెట్టింది ఆమె' అని కొందరు, 'తవ్వింది మేం' అని కొందరు. ఇలా చేస్తున్నా: మొదటి ఎంపిక యజమానిది. రెండోది కొత్తచేతులు గారిది, ఆమె చెప్పినచోట తవ్వకపోతే మనం ఇంకా బండ కొడుతూ ఉండేవాళ్ళం. మిగతావి కుప్పలు పోసి చీట్లు వేద్దాం.

ఈ రోజు వెళ్ళి యజమానికి అన్నీ పరిచి చూపించాను. ఆయన పెద్దదాన్ని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టి, అరచేతిలో పట్టే తేట గుత్తి ఒకటి తీసుకున్నారు. గుంట పూడ్చిన చోటు కూడా చూశారు, వానకి కొంచెం కుంగింది, ఇంకో నాలుగు తట్టలు వేయమన్నారు. రేపు ఇద్దరు వస్తే చాలు.

కొత్తచేతులు | శనివారం, సాయంత్రం 6.50

నా ఎంపిక: ఆ నల్ల కడ్డీల్లో పొడుగాటిది. బొగ్గు అని విసిరేసింది నేనే కాబట్టి అది నాకే కావాలి. పెద్దది ఉలిదెబ్బ గారికి ఇస్తే బాగుంటుందని నా మాట. రేపు తట్టలకి నేను వస్తాను.

సభ్యుడు, బోర్లా పడుకున్నవాడు | శనివారం, సాయంత్రం 7.05

నేనూ వస్తాను. ఇంట్లో చెప్పేశాను. అరగంట తిట్లు, తర్వాత 'చూరు కింద పడుకోను' అని నాతో మూడుసార్లు అనిపించారు.

వాలుగాలి | శనివారం, సాయంత్రం 7.20

పెద్దది ఉలిదెబ్బ గారికే. అభ్యంతరం లేదు.

ఉలిదెబ్బ | ఆదివారం, రాత్రి 9.40

చేరింది. కిటికీ దగ్గర పెట్టాను, రెండు ముక్కల మధ్య వేలెడు ఎడంతో. చీటీ రాసి కింద పెట్టాను, సరిపోయిందో లేదో చూడండి:

'పలుగురాయి. రెండు ముక్కలు. 18 సెం.మీ. కొండవాలు, మూడో చార, గూటి వెనక గోడ. తీసినవాడు: ఉలిదెబ్బ. విరిచినవాడు: ఉలిదెబ్బ కాదు.'

తూనికరాయి | ఆదివారం, రాత్రి 9.58

తేదీ లేదు. నేల నుంచి ఎంత లోతో లేదు. వెంట టూర్మలిన్ వచ్చిందని రాయలేదు. పక్కన చీటీ లేని రాయి పదేళ్ళకి ఎక్కడిదో ఎవరికీ తెలియని రాయి అవుతుంది, ఇవి మూడూ ఈ రాత్రే రాయండి. చివరి వాక్యం చీటీ వెనక్కి మార్చండి. కొట్టేయొద్దు, వెనక్కి మార్చండి.